తన శృతి, తన సంతకం: కర్టిస్ మేఫీల్డ్ జీవితం



ఈ నెల జీవిత కథ ఒక పాటగాడిది. పేరు కర్టిస్ మేఫీల్డ్. ఊరు అమెరికాలోని షికాగో. ముగ్గురే సభ్యులున్న ‘ది ఇంప్రెషన్స్’ అనే బృందానికి పాటలు రాసి, గిటార్ వాయించి, పాడి పేరు తెచ్చుకున్నారు. 1999లో కన్నుమూశారు.

మన ఇళ్లలో ఈ పేరు పెద్దగా వినిపించదు. కానీ మీ పిల్లల్లో ఇంగ్లిష్ పాటలు వినేవాళ్లుంటే జమైకా గాయకుడు బాబ్ మార్లే పేరు తప్పకుండా తెలిసే ఉంటుంది. మార్లే పాడిన ‘వన్ లవ్’ పాట ప్రపంచమంతా తిరిగింది. 1977లో వచ్చిన ఆ రికార్డింగుకు రచయితలుగా రెండు పేర్లు ఉంటాయి. ఒకటి మార్లేది. రెండోది మేఫీల్డ్‌ది. ఎక్కడో షికాగోలో పేదింట పెరిగిన ఒక మనిషి పేరు ఆ పాట మీదకు ఎలా వచ్చింది? ఆ ప్రశ్న వెంట వెళితే ఆయన జీవితమంతా కనిపిస్తుంది.

కవితలు చదివిన అమ్మ, చర్చి నడిపిన నానమ్మ

కర్టిస్ 1942 జూన్ 3న పుట్టాడు. అమ్మ పేరు మేరియన్. ఐదుగురు పిల్లలు. కర్టిస్ చిన్నప్పుడే నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అమ్మ ఒంటి చేత్తో సంసారం ఈదింది. అద్దె కట్టలేక ఇళ్లు మారడం, చాలీచాలని తిండి ఆ పిల్లలకు అలవాటయ్యాయి. 1956 ప్రాంతంలో ఆ కుటుంబం కాబ్రిని అనే ప్రభుత్వ గృహ సముదాయానికి చేరింది.

ఆ రోజుల షికాగో గురించి ఒక మాట చెప్పాలి. 1916 నుంచి 1970 దాకా అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి సుమారు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు ఉత్తరాది, పడమటి నగరాలకు వలస వెళ్లారు. దక్షిణాదిలో బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. ఆ అవమానం నుంచి, పత్తి చేల కూలి బతుకు నుంచి బయటపడాలని వచ్చినవాళ్లు వాళ్లంతా. వస్తూ వస్తూ తమ పాటను కూడా వెంట తెచ్చుకున్నారు. చేలల్లో, పల్లెల్లో పుట్టిన బాధల పాటను బ్లూస్ అంటారు. చర్చిలో చప్పట్లు కొడుతూ పాడే భక్తి పాటను గాస్పెల్ అంటారు. ఈ రెండూ నగరంలో కలిసి పుట్టిన కొత్త పాటకు సోల్ అని పేరు వచ్చింది. మడ్డీ వాటర్స్ లాంటి బ్లూస్ గాయకులు షికాగోలోనే ఉండేవాళ్లు. కాబట్టి కర్టిస్ ఉన్న వీధికి పాట కొత్త కాదు.

ఇంట్లో డబ్బు లేకపోయినా రెండు ఆస్తులు ఉన్నాయి. మొదటిది అమ్మ. ఆమెకు పుస్తకాలన్నా, కవిత్వమన్నా ఇష్టం. పాల్ లారెన్స్ డన్‌బార్ అనే నల్లజాతి కవి రాసినవి పిల్లలకు చదివి వినిపించేది. మాటలకు లయ ఉంటుందని, అంత్యప్రాస చెవికి తీపిగా తగులుతుందని ఆ పిల్లాడికి బడి కంటే ముందు ఇల్లే నేర్పింది. రెండో ఆస్తి నానమ్మ అన్నీ బెల్. ఆమె ఒక చిన్న చర్చి నడిపేది, తానే ప్రసంగాలు చేసేది. ఆ చర్చిలో పాడే పిల్లల జట్టులో కర్టిస్ కూడా ఉండేవాడు. మంచి చెడుల గురించి పదిమందికీ అర్థమయ్యేలా, ఎవరినీ తిట్టకుండా చెప్పడం అక్కడే విన్నాడు. తర్వాత ఆయన రాసిన పాటలన్నిటిలోనూ ఈ ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నారు.

నల్ల మెట్ల శృతి

కర్టిస్ మొదట తడిమింది పియానో. నేర్పేవాళ్లు ఎవరూ లేరు. చేతికి అందిన నల్ల మెట్ల మీద వాయించుకునేవాడు. హార్మోనియం చూసినవాళ్లకు తెలుసు, నల్ల మెట్లు ఐదు, అవి ఏ వరుసలో నొక్కినా చెవికి ఇంపుగానే ఉంటాయి. తర్వాత చేతికి గిటార్ వచ్చింది. దానికి ఆరు తీగలు. లోకంలో అందరూ వాటిని ఒక పద్ధతిలో శృతి చేస్తారు. ఆ పద్ధతి ఈ పిల్లాడికి తెలియదు. తనకు తెలిసిన నల్ల మెట్ల స్వరాలకే ఆ తీగలను బిగించుకున్నాడు.

ఆ శృతిని కర్టిస్ జీవితాంతం మార్చలేదు. మామూలు శృతికి అలవాటుపడిన వేళ్లకు ఆయన గిటార్ లొంగేది కాదు. తీగల మీద ఆయన చేసే చిన్న చిన్న మీటులు, నీళ్లు జారినట్టు పక్కపక్క స్వరాల మీదకు వెళ్లే తీరు ఎవరికీ ఒక పట్టాన దొరికేవి కావు. తర్వాతి తరం గిటారిస్టులు కూర్చుని వాటిని సాధన చేశారు.

ఒక టీచర్‌గా ఈ భాగం చదివినప్పుడు నేను కాసేపు ఆగాను. ఒక పద్ధతి గల మాస్టారి దగ్గర చేర్చి ఉంటే మొదటి రోజే ఆ శృతిని సరిచేసేవారు. అందులో తప్పేమీ లేదు, నేర్పడమంటే చాలావరకు సరిచేయడమే. కానీ పిల్లలు పద్ధతి తప్పి చేసే పనుల్లో కొన్ని నిజంగా పొరపాట్లు, కొన్ని వాళ్లు సొంతంగా కనిపెట్టుకున్న దారులు. ఎర్ర పెన్ను పట్టుకున్నవాళ్లకు ఈ రెండింటినీ వేరు చేయడమే అన్నిటికన్నా కష్టం.

రికార్డు మీద ఎవరి పేరు?

చర్చి పాటల జట్టులో కర్టిస్‌కు జెర్రీ బట్లర్ అనే స్నేహితుడు దొరికాడు. తన కంటే రెండున్నరేళ్లు పెద్ద. టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా ఊరి నుంచి వచ్చిన శామ్ గూడెన్, ఆర్థర్ బ్రూక్స్, రిచర్డ్ బ్రూక్స్ వీళ్లకు తోడయ్యారు. ఐదుగురూ కలిసి ‘ఇంప్రెషన్స్’ అని పేరు పెట్టుకున్నారు. 1958లో వాళ్ల మొదటి పెద్ద పాట ‘ఫర్ యువర్ ప్రెషస్ లవ్’ దేశమంతా మోగింది. కర్టిస్‌కు అప్పుడు పదహారేళ్లు. హైస్కూల్ మధ్యలోనే ఆపేశాడు.

రికార్డు చేతికి వచ్చాక చూస్తే లేబుల్ మీద ‘జెర్రీ బట్లర్ అండ్ ది ఇంప్రెషన్స్’ అని ఉంది. కంపెనీవాళ్లు ఒక్కడి పేరును ముందుకు తెచ్చి మిగతా నలుగురినీ వెనక్కి నెట్టారు. అందరం సమానమే అనుకున్న కుర్రాళ్లకు అది మింగుడు పడలేదు. కొద్ది నెలల్లోనే బట్లర్ విడిపోయి సొంతంగా పాడుకోవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లను కంపెనీ పట్టించుకోలేదు.

కర్టిస్ దగ్గర అలిగి కూర్చునే తీరిక లేదు. కొంతకాలానికి బట్లరే పిలిస్తే వెళ్లి అతని వెనక గిటార్ వాయించాడు, అతనితో కలిసి పాటలు రాశాడు. 1960లో వాళ్లు కలిసి రాసిన ‘హి విల్ బ్రేక్ యువర్ హార్ట్’ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. వచ్చిన డబ్బుతో కర్టిస్ పాత స్నేహితులను మళ్లీ కూడగట్టాడు. చాటనూగాలోనే ఉండిపోయిన ఫ్రెడ్ క్యాష్ కూడా వచ్చి చేరాడు. 1961లో కర్టిస్ రాసిన ‘జిప్సీ వుమన్’ విడుదలైంది. అది కూడా హిట్.

ఈ దశలోనే, ఇరవై ఏళ్లు నిండకముందే, కర్టిస్ ఒక పని చేశాడు. తన పాటల హక్కులు తన చేతిలో ఉండేలా సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నాడు. ఎడ్డీ థామస్ అనే మిత్రుడు, బట్లర్ దగ్గర డ్రైవర్‌గా పనిచేసి తర్వాత ఇంప్రెషన్స్ మేనేజర్ అయిన వ్యక్తి, ఇందులో భాగస్వామి. కర్టిస్ పేరులో సగం, థామస్ పేరులో సగం కలిపి ‘కర్టమ్’ అన్నారు.

ఇది ఎందుకు పెద్ద విషయమో కాస్త వివరించాలి. పాట పాడితే కచేరీకి డబ్బు వస్తుంది, ఆ రాత్రితో అది అయిపోతుంది. రికార్డు అమ్ముడైతే కొంత వస్తుంది, అందులో ఎక్కువ భాగం కంపెనీది. కానీ పాట రాసిన హక్కు వేరు. ఆ పాటను రేడియోలో వేసినా, మరో గాయకుడు పాడినా, సినిమాలో వాడినా హక్కుదారుడికి వాటా వస్తూనే ఉంటుంది. పొలం మీద పంట వేరు, పట్టా వేరు అన్నట్టు. ఆ రోజుల్లో ఎంతోమంది నల్లజాతి కళాకారులు కొద్దిపాటి నగదు తీసుకుని ఆ పట్టా మీద సంతకం పెట్టేసేవాళ్లు. కొందరు ఒక కారుకు, ఒక సూటుకు ఆశపడి తమ పాటలు పోగొట్టుకున్నారు. హైస్కూల్ పూర్తిచేయని కుర్రాడు మాత్రం లేబుల్ మీద పేరు మారిపోతే ఏమవుతుందో ఒక్కసారి చూసి, రెండోసారికి జాగ్రత్తపడ్డాడు.

ముగ్గురే మిగిలారు

‘జిప్సీ వుమన్’ తర్వాత వచ్చిన పాటలు ఆడలేదు. బ్రూక్స్ సోదరులిద్దరూ 1962లో వెళ్లిపోయారు. కర్టిస్, ఫ్రెడ్, శామ్ మిగిలారు. ఐదుగురి పాట ముగ్గురితో ఎలా నిండుతుంది?

వాళ్లు చర్చి పద్ధతినే పట్టుకున్నారు. కర్టిస్‌ది సన్నని, మెత్తని పై గొంతు. ఫ్రెడ్‌ది మధ్య గొంతు. శామ్‌ది కింది నుంచి ఆనుకునే బరువైన గొంతు. మన బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు ఉంటారు కదా, ముగ్గురితోనే ఊరంతా కదులుతుంది. ఇక్కడ ఒక తేడా ఉంది. ఇంప్రెషన్స్‌లో ఎప్పుడూ ఒక్కరే కథకుడు కాదు. ఒక వరుస కర్టిస్ అందుకుంటే తర్వాతిది ఫ్రెడ్‌కు వెళ్తుంది, ఆ తర్వాత శామ్‌కు. చివరి మాట దగ్గర ముగ్గురూ కలుస్తారు. వినేవాళ్లకు ఒకే మనిషి మూడు వయసుల్లో పాడినట్టు ఉంటుంది. షికాగోలోని జానీ పేట్ అనే సంగీత దర్శకుడు దానికి బాకాలు, వయొలిన్లు జోడించాడు. గొంతుల మీద వాద్యాలు పడకుండా, అవి ఆగినచోట మాత్రమే మోగేలా అమర్చాడు.

1963లో వచ్చిన ‘ఇట్స్ ఆల్ రైట్’తో వాళ్ల దశ తిరిగింది. రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానం, దేశవ్యాప్త పాప్ పట్టికలో నాలుగో స్థానం. ఆ పాట పుట్టిన తీరు ఫ్రెడ్ క్యాష్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేవాడు. ఒక కచేరీ విరామంలో ముగ్గురూ కారులో కూర్చున్నారు. కర్టిస్ తన ఆలోచనలు ఏవో చెప్పుకుంటూ పోతున్నాడు. ఫ్రెడ్ ప్రతి దానికీ పర్లేదు, బాగానే ఉంది అనే అర్థంలో అదే మాట అంటున్నాడు. ఉన్నట్టుండి కర్టిస్ ఆగి, ఆ మాటనే పాటగా పట్టుకున్నాడు. ముగ్గురూ అక్కడికక్కడే దాన్ని పాడి చూసుకున్నారు. రచయితగా నమోదైన పేరు మాత్రం కర్టిస్ ఒక్కడిదే. సంతకం విలువ తెలిసినవాడు దాన్ని పంచడంలో అంత ఉదారంగా ఉండకపోవడం కూడా ఈ కథలో భాగమే. తన చేతిలో పగ్గాలు ఉండాలన్న పట్టుదల ఇంట్లోనూ, స్నేహాల్లోనూ ఆయనకు చిక్కులు తెచ్చింది. కొడుకు టాడ్ మేఫీల్డ్ 2016లో వెలువరించిన జీవిత చరిత్ర ఈ సంగతిని దాచలేదు.

ఆ ఏళ్లలో కర్టిస్ రాసిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తమ బృందానికి రాస్తూనే షికాగోలోని ఇతర గాయకులకూ రాశారు. 1963లో మేజర్ లాన్స్ పాడిన ‘ది మంకీ టైమ్’ ఆయనదే. జీన్ చాండ్లర్‌కూ పాటలిచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి.

పాట వెంట నడిచిన జనం

1963 అమెరికాలో మామూలు సంవత్సరం కాదు. ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వం వహించిన వారిలో ఒకరుగా రెండు లక్షలకు పైగా జనం సమాన హక్కుల కోసం వాషింగ్టన్‌లో కదం తొక్కారు. సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్ నగరంలో ఒక చర్చి మీద జాతి విద్వేషంతో బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఇంప్రెషన్స్ ముగ్గురూ కారులో దక్షిణాది ఊళ్లు తిరిగి పాడేవాళ్లు. వేదిక మీద చప్పట్లు కొట్టించుకున్న ఊళ్లోనే రాత్రి హోటల్ గది దొరకని రోజులవి.

కర్టిస్ ఏం రాయగలరు? కోపంగా రాస్తే రేడియో వాళ్లు వేయరు. ప్రేమ పాటలే రాస్తే తన మనసు ఒప్పుకోదు. నానమ్మ ప్రసంగాల దారి ఆయనకు పనికొచ్చింది. 1964లో వచ్చిన ‘కీప్ ఆన్ పుషింగ్’ వినడానికి ఆశ వదలవద్దని చెప్పే హుషారు పాట. చెప్పుకోదలిస్తే చర్చి పాట. ఊరేగింపులో ఉన్నవాళ్లకు మాత్రం అది ఎవరి గురించో తెలుసు. 1965లో ‘పీపుల్ గెట్ రెడీ’ వచ్చింది. అందులో ఒక రైలు వస్తుంది. రైలు అనే మాట నల్లజాతి వారి భక్తి పాటల్లో తరతరాలుగా ఉంది. బానిసత్వపు రోజుల్లో తప్పించుకుని ఉత్తరాదికి చేరే రహస్య మార్గానికి కూడా రైలు మార్గం అనే సంకేతనామం ఉండేది. కర్టిస్ ఆ పాత మాటను తీసుకుని, ఎవరినీ దించేయని రైలుగా మలిచారు. గొంతు పెంచలేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. ఆ పాటను చర్చిల్లోనూ, ఉద్యమ సభల్లోనూ జనం తమ సొంత పాటలా పాడుకున్నారు. అప్పటికి రాసినాయనకు ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు.

జమైకా దీవిలో అదే రోజుల్లో బాబ్ మార్లే, పీటర్ టోష్, బన్నీ వెయిలర్ అనే ముగ్గురు కుర్రాళ్లు ఇంప్రెషన్స్ రికార్డులు వింటూ గొంతులు కలపడం నేర్చుకుంటున్నారు. వాళ్లు 1965లో రికార్డు చేసిన ‘వన్ లవ్’లో ‘పీపుల్ గెట్ రెడీ’ ఛాయలు ఉన్నాయి. 1977లో అదే పాటను మళ్లీ కొత్తగా రికార్డు చేసినప్పుడు కర్టిస్ పేరు కూడా రచయితగా చేరింది. మనం మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అభిమానం ఒక్కటే ఆ పేరును అక్కడికి చేర్చలేదు. పాట ఎవరిదో కాగితం మీద రాసి ఉంది కాబట్టి చేరింది.

సొంత కంపెనీ, సొంత మాట

1967 చివర్లో వచ్చిన ‘వియ్ ఆర్ ఎ విన్నర్’ నల్లజాతి ఆత్మగౌరవాన్ని ఏ ముసుగూ లేకుండా చెప్పింది. కొన్ని రేడియో స్టేషన్లు వేయడానికి వెనకాడాయి. అయినా 1968లో అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది కర్టిస్, ఎడ్డీ థామస్ కలిసి కర్టమ్ పేరుతోనే రికార్డు కంపెనీ ప్రారంభించారు. ఇక పాట రాయడం, రికార్డు చేయడం, విడుదల చేయడం అన్నీ తమ చేతిలోకే వచ్చాయి. తర్వాత గొప్ప సోల్ గాయకుడైన డానీ హాథవే తొలి రోజుల్లో ఇక్కడ పనిచేశాడు.

1970లో కర్టిస్ బృందం నుంచి బయటికొచ్చి ఒంటరిగా పాడటం మొదలుపెట్టారు. గొడవపడి విడిపోలేదు. ఇంప్రెషన్స్ రికార్డులు కర్టమ్ నుంచే వస్తూ ఉండేవి. ఫ్రెడ్, శామ్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ పేరును నిలబెట్టారు.

1972లో ‘సూపర్ ఫ్లై’ అనే సినిమాకు సంగీతం ఇచ్చారు. కథానాయకుడు మత్తుమందులు అమ్మేవాడు. మంచి బట్టలు, పెద్ద కారు, చేతినిండా డబ్బు. ఆ సినిమా మత్తుమందుకు ప్రచారంలా ఉందని కర్టిస్‌కు అనిపించింది. ఆయన సినిమాను వదులుకోలేదు, పాటలతో దానికి సమాధానం రాశారు. తెర మీద దర్జా కనిపిస్తుంటే పాటలో ఆ వ్యాపారంలో చిక్కుకుని చచ్చిపోయిన చిన్నవాడి గురించి వినిపిస్తుంది. ఆ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఈ రోజు ఆ సినిమా కంటే పాటలే ఎక్కువమందికి గుర్తు.

తర్వాతి ఏళ్లలో ఇతరుల కోసం మొత్తం ఆల్బమ్‌లు రాసిచ్చారు. 1974లో గ్లాడిస్ నైట్ అండ్ ది పిప్స్‌కు ‘క్లాడిన్’, 1975లో స్టేపుల్ సింగర్స్‌కు ‘లెట్స్ డూ ఇట్ అగైన్’, 1976లో అరేతా ఫ్రాంక్లిన్‌కు ‘స్పార్కిల్’. అందరూ తన కంటే గట్టి గొంతులున్నవాళ్లు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అది ఆయనకు తెలుసు. పెద్ద గొంతుల కోసం పెద్ద పాటలు రాశారు, తన చిన్న గొంతు కోసం దగ్గర కూర్చుని చెప్పినట్టుండే పాటలు రాసుకున్నారు.

1990 ఆగస్టు 13

ఆ రోజు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీ. వేలాది మంది వచ్చారు. కర్టిస్ గిటార్ తగిలించుకుని వేదిక మీదకు వచ్చారు. అంతలో గాలివాన. లైట్లు కట్టిన ఇనుప చట్రం కూలి ఆయన మీద పడింది. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో మెడ కింద శరీరమంతా చచ్చుబడింది.

ఇక గిటార్ లేదు. ఆ శృతి, ఆ వేళ్లు, చిన్నప్పుడు ఎవరూ నేర్పకుండా వచ్చిన ఆ విద్య ఒక్క నిమిషంలో పోయింది. గొంతు పోలేదు, కానీ పాడాలంటే ఊపిరి కావాలి. కూర్చుంటే ఛాతీకి బలం చాలదు. వెల్లకిలా పడుకుంటే కాస్త గాలి అందుతుందని తెలుసుకున్నారు. అలా పడుకుని, ఒక్కో వరుస, ఆగి మళ్లీ ఒక్కో వరుస చొప్పున పాడారు. ఆ ముక్కలన్నిటినీ కలిపితే 1996లో ‘న్యూ వరల్డ్ ఆర్డర్’ ఆల్బమ్ అయింది. అరేతా ఫ్రాంక్లిన్, మావిస్ స్టేపుల్స్ వచ్చి అందులో గొంతు కలిపారు. వినేవాళ్లకు ఆ అతుకులు తెలియవు. పాత కర్టిస్ కంటే గొంతు కాస్త కిందికి దిగింది, అంతే.

1994లో ఆయన పాటలతో ఇతర కళాకారులు ఒక ఆల్బమ్ చేశారు. 1995లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం వచ్చింది. అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1991లో ఇంప్రెషన్స్ సభ్యుడిగా, 1999లో సొంత పేరు మీద, రెండుసార్లు చోటు దక్కింది. మధ్యలో షుగర్ వ్యాధి ముదిరి 1998లో కుడి కాలు తీసేయాల్సి వచ్చింది. 1999 డిసెంబర్ 26న జార్జియా రాష్ట్రంలోని రోస్వెల్‌లో కన్నుమూశారు. వయసు 57.

కదలలేని ఆ తొమ్మిదేళ్లలో ఆయన ఒక్క కచేరీ కూడా చేయలేకపోయినా ఆయన పాటలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. ఎవరెవరో పాడారు, కొత్త తరం ర్యాప్ కళాకారులు ముక్కలు తీసుకుని వాడుకున్నారు. వాటి మీద ఆయన సంతకం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసు నుంచి ఉంది.

మన ఇళ్లకు సంబంధించిన మాట

ఈ కథ చదివి, ఆయన హైస్కూల్ మానేసినా పైకొచ్చారు కదా అని ఏ పిల్లాడైనా అడగవచ్చు. అడిగితే నిజం చెబుదాం. ఆయన మానింది చదువు అక్కర్లేదని కాదు, ఇంటి పరిస్థితి, చేతికొచ్చిన అవకాశం అలా నడిపించాయి. ఒప్పందాలు చదవడం, లెక్కలు చూడటం, హక్కులు అర్థం చేసుకోవడం ఆయన పని చేస్తూ నేర్చుకున్నారు. నేర్చుకోనివాళ్లు ఏమయ్యారో కూడా ఆ తరం చరిత్రలోనే ఉంది.

నాకు ముఖ్యమనిపించింది మరొకటి. ‘మా అమ్మ’ గురించి వ్యాసం రాయమంటే క్లాసులో ముప్పై పేపర్లు వస్తాయి, వ్యాసం మాత్రం ఒక్కటే. ముప్పై మంది అమ్మలూ పొద్దున్నే లేస్తారు, అందరూ దేవతలే, అందరూ రుచిగా వండుతారు. గైడ్ నుంచో, ఫోన్ నుంచో వచ్చిన ఆ వాక్యాల్లో తప్పులుండవు. మధ్యలో ఎప్పుడో ఒక పేపర్ వస్తుంది. స్పెల్లింగ్ తప్పులు, తెలుగు మాటలు కలిసిన ఇంగ్లిష్. అందులో ఒక అమ్మ స్కూటీ స్టార్ట్ కాకపోతే దాన్ని తిడుతుంది, తర్వాత దానికే సారీ చెబుతుంది. ఆ పేపర్‌కు మార్కులు తక్కువ రావచ్చు. కానీ ఆ పిల్లకు తన శృతి దొరికింది. స్పెల్లింగ్ నేర్పడం నా పని, నేర్పుతాను. ఆ అమ్మను ఆ పేపర్లోంచి చెరిపేయకుండా నేర్పడం మాత్రం నేనూ మీరూ కలిసి చేయాల్సిన పని.

మేరియన్ దగ్గర ఫీజు కట్టి సంగీతం నేర్పించే స్తోమత లేదు. ఆమె పిల్లలకు కవిత్వం చదివి వినిపించింది, కొడుకు వాయించుకుంటుంటే వాయించుకోనిచ్చింది. మనం అంతకంటే చాలా ఎక్కువే ఇవ్వగలం. ఆ రెండూ మాత్రం మరిచిపోకూడదు.

ఈ నెల ఇంట్లో వీలైతే ఇలా చేసి చూడండి:

- ‘పీపుల్ గెట్ రెడీ’ పాటను పిల్లలతో కలిసి ఒకసారి వినండి. ముగ్గురి గొంతులు ఎక్కడ విడిపోతున్నాయో, ఎక్కడ కలుస్తున్నాయో గుర్తించమనండి.
- బొమ్మ, కథ, ప్రాజెక్ట్, ఏది సొంతంగా చేసినా కింద పేరు, తేదీ రాయడం అలవాటు చేయండి. ఎవరి సాయం తీసుకున్నారో వాళ్ల పేరు కూడా రాయించండి. కారులో కూర్చుని ఒక మాట అందించిన ఫ్రెడ్ క్యాష్‌ను గుర్తుచేయండి.
- పిల్లలు రాసినది చదివేటప్పుడు మొదటిసారి పెన్ను పక్కన పెట్టి చదవండి. తప్పులు రెండోసారి చూద్దాం, అవి ఎక్కడికీ పోవు.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం